గోండి, కోలామి, లంబాడీ పిల్లలు కలిసున్న క్లాసు: పాట, బొమ్మలతో తెలుగు నేర్పినవాళ్లు ఉన్నారా?

ఏజెన్సీ_టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర ఒక చిన్న ప్రాథమిక బడిలో నాకు పోస్టింగ్ వచ్చి ఏడాది కావస్తోంది. ఒకటి, రెండు, మూడు తరగతులు కలిపి నేనే చూస్తా. మొత్తం 23 మంది, ఎక్కువ గోండు పిల్లలు, నలుగురు కోలాం, ఐదుగురు లంబాడీ. నాకేమో తెలుగు తప్ప ఇంకోటి రాదు. బయట ఆడుకునేటప్పుడు గలగలా మాట్లాడతారు, లోపలికొచ్చి "ఇదేంటి" అని అడిగితే తల దించేసుకుంటారు. ఒక పాప జూన్ నుంచి దసరా సెలవుల దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మాటలు రావేమో అనుకున్న, తర్వాత సంతలో వాళ్లమ్మతో ఆపకుండా మాట్లాడుతుంటే విని చాలా బాధేసింది. ఆ పాప బొమ్మలు మాత్రం పలక నిండా గీస్తది, ఎద్దుల బండి గీస్తే చక్రానికి ఆకులు కూడా లెక్కపెట్టి గీస్తది. కానీ తొలిమెట్టు (పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు ఎంత వచ్చో చూసే సర్కారు కార్యక్రమం) రికార్డులో ఆమె పేరు ముందు అక్షరాలు రావనే రాయాల్సొస్తోంది. పాట, బొమ్మ, నాటకం ఇట్లాంటివి మీ క్లాసులో నిజంగా చేసి చూసినవి ఉంటే చెప్పండి ప్లీజ్. ఇంకోటి, జనవరి 26కి పిల్లలతో గోండుల గుస్సాడీ నాట్యం వేయిద్దామనుకుంటున్నా, డ్రెస్సులు ఎక్కడ అద్దెకిస్తారు?

సీతంపేట_మాస్టారు

అమ్మా, నేను సవర పిల్లల మధ్య పనిచేసి రిటైరయినవాడిని. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చారు, సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా (అంటే లంబాడీ), ఆదివాసీ ఒడియా, అన్నీ తెలుగు లిపిలోనే. మీ మండల రిసోర్స్ సెంటర్లో బీరువాలు తీయించి అడగండి, పాత కాపీలు ఉండొచ్చు.

అయితే పుస్తకం కంటే ముందు నాకు పనికొచ్చింది బొమ్మే. పిల్లాడు బొమ్మ గీస్తాడు, అదేంటో సవరలో చెప్తాడు, నాకు అర్థం కాకపోతే ఐదో తరగతి పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేవాడిని, వాడన్న మాట వాడన్నట్టే తెలుగు అక్షరాల్లో బొమ్మ కింద రాసేవాడిని. మర్నాడు వాడి వాక్యం వాడే చదువుతాడు. అక్షరం కొత్తదైనా మాట తెలిసిందే కదా, అందుకే పట్టుకుంటాడు. అక్షరమూ కొత్తదే, భాషా కొత్తదే అయితే ఆ పసివాడు దేన్ని పట్టుకోవాలి చెప్పండి. రెండు మూడు నెలలయ్యాక దాని కిందే తెలుగు వాక్యం ఇంకో రంగు సుద్దతో రాయడం మొదలుపెట్టాను.

సవరకీ తెలుగుకీ చుట్టరికమే లేదు, గోండి మాత్రం తెలుగుకి చుట్టమే. కన్ను వాళ్లకి కన్, చెయ్యి కయ్, ఆకు ఆకి. గోడ మీద పెద్ద మనిషి బొమ్మ, పక్కన ఒక చెట్టు గీయించి రెండు భాషల్లో పేర్లు రాయించండి, దగ్గరగా ఉన్నవి పిల్లలే చూపిస్తారు. లంబాడీ వేరే కుటుంబం భాష, వాళ్లకి నీళ్లంటే పాణి, కాబట్టి ఆ ఐదుగురికి ఈ పోలికలు దొరకవు, వాళ్లకి బొమ్మ ఇంకా ఎక్కువ అవసరం.

గోండు_కుర్రోడు

మేడమ్, మీరు పిల్లల గురించి ఇంత ఆలోచిస్తున్నందుకు సంతోషం, కానీ గుస్సాడీ విషయం ఒకసారి ఆగండి. అది అద్దె డ్రెస్సుతో వేసేది కాదు. దీపావళి ముందు మా దండారీ పండగ రోజుల్లో ఏత్మాసూర్ దేవుడి పేరు మీద దీక్ష తీసుకుంటారు, ఆ రోజుల్లో స్నానం కూడా చేయరు, నెమలి ఈకల టోపీకి పూజ చేసే తల మీద పెట్టుకుంటారు. బయట ఆడొద్దని కాదు, మర్లవాయి కనకరాజు గారు ఢిల్లీ దాకా తీసుకెళ్లారు, 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది, కానీ ఆయన ఆ పద్ధతిలో పుట్టి పెరిగిన మనిషి. ఊరి పటేల్‌ని అడగండి, ఆయన దెంసా (అందరూ కలిసి ఆడే మా నాట్యం) చేయించమంటే అది చేయించండి.

ఇంకో పని చేయొచ్చు, దగ్గర్లో కిక్రి (తీగల వాయిద్యం) వాయిస్తూ మా కథలు చెప్పే ప్రధాన్, తోటి తెగలవాళ్లు ఎవరైనా ఉంటే బడికి పిలిచి మా పాత కథ ఒకటి చెప్పించండి. గోండు పిల్లలకి అర్థమైతది, మీకు కాదు. అప్పుడు మీరు ఏం జరిగిందిరా అని అడిగితే వాళ్లకి మీతో తెలుగులో చెప్పాల్సిన పని నిజంగా పడ్తది. హాస్టల్లో గోండి మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాణ్ని నేను, ఒక్క సారు కూడా మా భాషలో ఏమంటారు అని అడగలేదు. మీరు అడగండి మేడమ్.

మట్టిబొమ్మల_అక్క

నేను సంగారెడ్డి వైపు ఇటుక బట్టీల దగ్గర పిల్లలకి చెప్తుంటా, బలాంగీర్, నువాపాడా నుంచి వచ్చే ఒడియా కుటుంబాలు, దీపావళి అయ్యాక వస్తారు, ఎండాకాలం చివర్లో వెళ్లిపోతారు, కాబట్టి టైమ్ చాలా తక్కువ. పాటల గురించి నా అనుభవం చెప్తా, అందరూ కలిసి పాడితే వినడానికి బాగుంటది కానీ మాట్లాడని పిల్ల ఆ గుంపులో పెదాలు కదిలించి తప్పించుకుంటది, పాటంతా వచ్చినా అందులో ఒక్క ముక్కకి అర్థం తెలియదు. అందుకే నేను పాటలో ప్రతి మాటకీ ఒక చేష్ట పెడతా, వరస మార్చి చేయిస్తా, అప్పుడు ఎవరికి అర్థమైందో తెలిసిపోతది.

ఎక్కువ పనిచేసింది తోలుబొమ్మలాట లాంటిది, పాత సాక్స్‌తో చేసిన బొమ్మే, దానికి తెలుగు రాదు, ఒడియా ఒక్కటే వచ్చు అని చెప్పా. నేను తెలుగులో అన్నది దానికి ఎవరైనా ఒడియాలో చెప్పాలి. మొదటి వారం ఇద్దరే వచ్చారు, తర్వాత దుబాసీ పని కోసం కొట్టుకునేదాకా వచ్చింది. మీరు మూడు భాషలకి మూడు బొమ్మలు పెట్టండి, కోలాం బొమ్మ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆ నలుగురు గోండి చాటున ఉండిపోతారు.

ఏజెన్సీ_టీచర్

అందరికీ చాలా థాంక్స్. గుస్సాడీ సంగతి నాకు తెలియదు, చెప్పి మంచి పని చేశారు తమ్ముడూ, పటేల్ గారిని కలిశా, దెంసా నేర్పడానికి ఇద్దరు ఆడవాళ్లని పంపిస్తామన్నారు.

మాస్టారూ, బొమ్మ కింద మాట రాయడం ఈ వారం మొదలుపెట్టా. ఆ పాప బండి పక్కన ఇల్లు గీసింది, ఇదేంటి అంటే "రోన్" అంది, చాలా మెల్లగా. నేను పలికింది సరిగ్గా లేదని తల అడ్డంగా ఊపి నాతో మళ్లీ అనిపించింది, నాలుగోసారికి ఒప్పుకుంది. రాసి చూపిస్తే ఇంటర్వెల్ బెల్ కొట్టినా లేవకుండా ఆ రెండక్షరాలే పలక మీద దిద్దుకుంటూ కూర్చుంది. పక్కనున్న కోలాం బాబు మేం "ఎల్లా" అంటాం అన్నాడు, మన ఇల్లుకి ఎంత దగ్గరో చూడండి.

కోలాం పిల్లల్లో పెద్ద తరగతి వాళ్లు మా బడిలో లేరు, సాయం పట్టడానికి ఎవరూ దొరకట్లేదు. ఇక్కడ కోలామి మాట్లాడేవాళ్లు ఉంటే ఇంట్లో వస్తువుల పేర్లు ఒక పది, తెలుగు అక్షరాల్లో రాసి పెడతారా?