రాత్రి గుండెల్లో మంటకు పడుకునే ముందు పాలు తాగొచ్చా?

కిరాణా కొట్టు: కొట్టు కట్టేసి ఇంటికొచ్చేసరికి పదిన్నర. అన్నం తిని పదకొండింటికి నడుం వాలుస్తాను. రెండింటికల్లా గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని, దగ్గుతో లేచి కూర్చుంటున్నాను. ఇక తెల్లారేదాకా కునుకు పట్టదు. మా ఆవిడ చల్లటి పాలు తాగి పడుకోమంటుంది, మా బావమరిది పాలే వద్దంటాడు. ఎవరి మాట వినాలి?

పాడి రైతు: పాలే తాగండి. మా నాన్నగారికి ఏళ్ల తరబడి అదే మందు. గ్లాసుడు తాగితే ఐదు నిమిషాల్లో మంట చల్లారేది. ఇంట్లో ఉన్నది వదిలేసి రోజూ మాత్రలెందుకు?

రాత్రి డ్యూటీ నర్సు: మంట చల్లారే మాట నిజమే, కాదనను. కానీ పాలలోని ప్రోటీన్, కాల్షియం వల్ల కాసేపటికి కడుపులో ఆమ్లం మళ్లీ ఊరుతుంది. అప్పటికి మీరు వెల్లకిలా పడుకుని ఉంటారు. మెలకువగా ఉంటే పైకొచ్చిన ఆమ్లాన్ని మనం మింగే ఉమ్మి కడిగేస్తుంది. నిద్రలో ఉమ్మి ఊరడం, మింగడం రెండూ బాగా తగ్గిపోతాయి. పగలు ఒక పులితేన్పుతో పోయేది రాత్రి చాలాసేపు అన్నవాహికలోనే ఉండి మంట పెడుతుంది.

తిన్నాక మూడు గంటలైనా ఆగి పడుకోండి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్క దిమ్మలు పెట్టండి. దిండ్లు పేర్చొద్దు, నడుం దగ్గర ఒంగి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది.

కిరాణా కొట్టు: మూడు గంటలంటే రెండింటికి పడుకోవాలండీ. ఐదింటికి పాల వ్యాను వచ్చేస్తుంది.

రాత్రి డ్యూటీ నర్సు: ఏడున్నరకు కొట్లోనే బాక్సు విప్పండి. బేరం మధ్యలో రెండు ముద్దలు తిన్నా ఫర్వాలేదు, ఇంటికొచ్చాక కడుపు నిండా మాత్రం వద్దు. ఇంకొకటి, నొప్పి చెయ్యికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాసేలే అని పడుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ముద్ద దిగడం కష్టమైనా, ఊరికే బరువు తగ్గినా డాక్టరుకు చూపించుకోవాలి.

పాడి రైతు: పాల మీద నా నమ్మకం పోలేదు గానీ, మీరు చెప్పాక గుర్తొచ్చింది. మా నాన్నగారు దీపాలు పెట్టే వేళకే అన్నం తినేసేవారు. పడుకునేది తొమ్మిది దాటాకే. ఆయనకు పనిచేసింది అదేనేమో.

కిరాణా కొట్టు: దిమ్మలకు వడ్రంగికి చెప్పాను. రేపటి నుంచి బాక్సు కట్టమని మా ఆవిడకూ చెప్పాను.