మొదటి సత్ప్రసాదం (చర్చిలో మొదటిసారి దివ్య అప్పం తీసుకోవడం) తర్వాత పిల్లలు పూజకి (చర్చిలో జరిగే మాస్‌కి) రావడం మానేస్తున్నారు, ఏం చేస్తే నిలుస్తారు?

మాది శ్రీకాకుళం కతోలిక మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో), విజయనగరం జిల్లా వైపు ఓ పల్లె విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి సంఘం). ఆదివారం సత్యోపదేశం (పిల్లలకి మత బోధన) నేనే చెప్తాను. 2022లో మొదటి సత్ప్రసాదం తీసుకున్నవాళ్లు 14 మంది. ఇప్పుడు పూజకి వచ్చేది ముగ్గురు. హాజరు పుస్తకంలో ఆ ఖాళీ గళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

ఫాదర్ గారిని అడిగి 7 గంటల పూజని 8:30కి మార్పించాం. నాలుగు వారాలు వచ్చారు, మళ్లీ మామూలే. వాట్సాప్ గ్రూపు పెట్టాం. పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) శనివారం సాయంత్రం పెట్టిస్తే పెద్దవాళ్లే వచ్చారు. ఇళ్లకి వెళ్తే ట్యూషన్ ఉందన్నారు. ఆదివారం పూజ విధి అని 1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) ధర్మశాస్త్రం, 1247వ నియమంలో ఉందని చెప్తే తల ఊపుతారు, అంతే. భయపెట్టి రప్పించడం నాకూ ఇష్టం లేదు.

సగం ఇళ్లల్లో అమ్మానాన్నలు చెన్నై, హైదరాబాద్ పనులకెళ్లిపోయారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర. సాయంత్రం కూర్చోబెట్టి జపమాల చెప్పించేవాళ్లు లేరు. అసలు కారణం ఇదేనని నా నమ్మకం. ఏడో తరగతి పిల్ల ఒకతి, "టీచర్ గారూ, పూజలో నాకు పనేముంది?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

అమ్మానాన్నలు వలసలో ఉన్న 12–15 ఏళ్ల పిల్లల్ని పూజకి నిలుపుకున్న విచారణల వాళ్లు, మీ దగ్గర నిజంగా పనిచేసిన ఒక్క పద్ధతి ఏంటో చెప్తారా?