బతికున్న ఈస్ట్, చచ్చిన ఈస్ట్: బంగారు ఎలక్ట్రోడ్లా, పీడీఎంఎస్ స్తంభాలా?

మల్లేశ్వరం_ల్యాబ్: డైఎలెక్ట్రోఫోరెసిస్‌తో (అన్నిచోట్లా ఒకే బలం లేని విద్యుత్ క్షేత్రంతో కణాల్ని లాగడం, నెట్టడం), సన్నటి ద్రవ ఛానెల్ ఉన్న చిప్‌లో బతికున్న ఈస్ట్‌ని చచ్చినదాని నుంచి విడదీయాలి. క్లీన్‌రూమ్ (దుమ్ములేని తయారీ గది) లేదు. బంగారు ఎలక్ట్రోడ్లు చేయించాలా? ఛానెల్లో పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) స్తంభాలు పోసి, చివర్ల ప్లాటినం తీగలతో డీసీ ఇస్తే సరిపోతుందా?

స్తంభాలవాది: స్తంభాలే. ఒక్క అచ్చుతో ఎన్ని చిప్‌లైనా పోసుకోవచ్చు. 250 మైక్రాన్లకొక స్తంభం, మధ్య సందు 50 ఉంటే క్షేత్రం అక్కడ దాదాపు ఐదింతలవుతుంది. 2 సెం.మీ. ఛానెల్‌కి 800 వోల్టులిస్తే సందులో సెం.మీ.కి 2000. పంపు అక్కర్లేదు, ఎలక్ట్రో ఆస్మోసిసే (క్షేత్రం వల్ల గోడల దగ్గర ద్రవం కదలడం) ద్రవాన్ని లాక్కెళ్తుంది. 2004లోనే ఈ. కోలై బ్యాక్టీరియాని ఇలా విడదీశారు.

ఏసీ_పక్షం: ఈ. కోలై చిన్నదండీ, ఈస్ట్‌కి ఆ లెక్క కుదరదు. కణం పొర మీద పడే వోల్టేజి సుమారు 1.5 × క్షేత్రం × వ్యాసార్ధం. 2.5 మైక్రాన్ల వ్యాసార్ధానికి మీ సందులో 0.75 వోల్టు. 1 వోల్టు దగ్గర పొరకి చిల్లులే. బతికున్నవి ఏవో తేల్చాల్సిన చిప్పే వాటిని చంపితే ఎలా? లవణాలు తక్కువున్న పలచటి బఫర్‌లో (కణాల్ని ఉంచే ద్రావణం) అదే క్షేత్రం 1 మెగాహెర్ట్జ్‌లో ఇస్తే ఆ వోల్టేజి పదో వంతుకి దగ్గరగా పడిపోతుంది. బతికున్నవి ఎలక్ట్రోడ్ అంచుకి అతుక్కుంటాయి. లవణాలు కారిపోయిన చచ్చినవి పట్టుబడవు. 50 మైక్రాన్ల సందుకి పీక్-టు-పీక్ 20 వోల్టులు చాలు, మామూలు ఫంక్షన్ జనరేటరే ఇస్తుంది. లోడ్ సెట్టింగ్ 50 ఓమ్‌ల మీద ఉంటే మాత్రం చిప్‌కి వెళ్లేది తెర మీద అంకెకి దాదాపు రెట్టింపు. ఎలక్ట్రోడ్లు కాలేది ఎక్కువగా ఇక్కడే.

స్తంభాలవాది: స్తంభాలకీ ఏసీ ఇవ్వొచ్చుగా?

ఏసీ_పక్షం: మెగాహెర్ట్జ్‌లో 800 వోల్టులిచ్చే యాంప్లిఫయర్ ధర అడిగి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

గాజుపలక: ఐటీఓ గాజు (కరెంటు పారే పారదర్శక పూత ఉన్న గాజు) మీద లేజర్ ప్రింటర్ టోనర్ ముద్ర వేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తినిపిస్తే?

ఏసీ_పక్షం: టోనర్ ముద్రతో వచ్చే సందు 200 మైక్రాన్లనుకోండి. బలం సందు ఘనానికి విలోమం కాబట్టి 64వ వంతే మిగులుతుంది. బలం వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టి, దాన్ని పూడ్చాలంటే వోల్టేజి 8 రెట్లు పెంచాలి.

మల్లేశ్వరం_ల్యాబ్: మరి బంగారం ఎక్కడ పూయించాలి?

ఏసీ_పక్షం: బెంగళూరు ఐఐఎస్సీలోని సెన్స్‌కి (నానో సైన్స్ కేంద్రం) ఐఎన్‌యూపీ (నానో ల్యాబుల్ని బయటి పరిశోధకులు వాడుకోనిచ్చే పథకం) కింద బయటివాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. గాజు మీద 10 నానోమీటర్ల క్రోమియం, పైన 100 బంగారం. ఛానెల్ ఎత్తు 50 మైక్రాన్లు దాటనివ్వకండి, పైన పోయే కణాలకి క్షేత్రం అందదు. బఫర్: 100 మి.లీ. డీఅయనైజ్డ్ నీళ్లలో 8.5 గ్రాముల సుక్రోజ్, 0.3 గ్రాముల డెక్స్‌ట్రోజ్, కండక్టివిటీ సెం.మీ.కి 100 మైక్రోసీమెన్స్ దగ్గర. ఈస్ట్‌ని అదే బఫర్‌తో మూడుసార్లు కడగాలి. మీడియం లవణాలు మిగిలితే కండక్టివిటీ పెరిగి, పట్టు సడలుతుంది. 500 మైక్రాన్ల వెడల్పుకి నిమిషానికి 1 మైక్రోలీటరు అంటే సెకనుకి 0.67 మి.మీ.; అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

స్తంభాలవాది: ఈస్ట్‌కి ఒప్పుకున్నా. పాలిస్టైరిన్ పూసలకి పొరా లేదు, ప్రాణమూ లేదు. అక్కడ మాత్రం స్తంభాలే.