బాప్తిస్మం "తీసుకోవడం", "ఇప్పించడం": ఒక మాట మీద చర్చ

నిన్న ఒకరు అడిగారు, బాప్తిస్మానికి తెలుగులో మాటే లేదా, ఇంకా గ్రీకు మాటే ఎందుకు వాడుతున్నాం అని. కామెంట్లో రాద్దామని మొదలుపెడితే పొడవైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను.

ఇది ఇంగ్లీషు బాప్టిజం నుంచి వచ్చిన మాట కాదు. గ్రీకు "బాప్తిస్మ"కి మన "ము" చేరి బాప్తిస్మము అయింది. మాట్లాడేటప్పుడు బాప్తీస్మం అని దీర్ఘం తీస్తాం. దీని వెనక ఉన్న క్రియ బాప్తిజో, అంటే ముంచడం. అది బాప్తో అనే ఇంకో క్రియ నుంచి పుట్టింది, దానికి ముంచడమనీ, రంగులో ముంచి తీయడమనీ రెండర్థాలూ ఉన్నాయి. మన "అద్దు" కూడా అంతే కదా, వేలు నీళ్లలో అద్దినా అద్దడమే, బట్టకి రంగు అద్దినా అద్దడమే. లూకా 16:24లో లాజరు "వ్రేలికొనను నీళ్లలో ముంచి" తన నాలుక చల్లార్చాలని ధనవంతుడు బతిమాలే చోట ఉన్నది ఈ బాప్తోనే.

మరి తేలిగ్గా "ముంచడం" అని తెలుగు చేసెయ్యొచ్చుగా? చెయ్యొచ్చు, కానీ ఈ ఒక్క మాట మీద పెద్ద గొడవలే జరిగాయి. బెంగాలీ బైబిల్లో బాప్టిస్టు (విశ్వసించినవాళ్లని నీళ్లలో ముంచే సంఘం) అనువాదకులు ముంచడం అనే అర్థమొచ్చే మాటే పెట్టారు. నీళ్లు చిలకరించే సంఘాలవాళ్లు దానికి ఒప్పుకోలేదు, 1836లో అమెరికన్ బైబిల్ సొసైటీ ఆ అనువాదానికి డబ్బు ఇవ్వనంది, దాంతో బాప్టిస్టులు విడిపోయి వేరే సొసైటీ పెట్టుకున్నారు. గ్రీకు మాటని అలాగే ఉంచేస్తే ముంచేవాళ్లూ చిలకరించేవాళ్లూ ఒకే బైబిలు చదువుకోగలరు. కతోలికులు వాడే "జ్ఞానస్నానం" చాలా అందమైన మాట, నాకిష్టం కూడా, కాకపోతే అందులో కడగడం వినిపిస్తుంది గానీ మునగడం వినిపించదు. రోమా 6:4లో పౌలు కడగడం గురించి కాదు, "పాతిపెట్టబడితిమి" అని సమాధి గురించి మాట్లాడుతున్నాడు. నీళ్లలోకి వెళ్తే పాత బతుకు పాతిపెట్టినట్టు, పైకి లేస్తే క్రీస్తుతో లేచినట్టు. చిలకరిస్తే ఆ బొమ్మ కంటికి కనబడదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది నామవాచకం గురించి కాదు, దాని పక్కన మనం పెట్టే క్రియ గురించి. పెద్దవాళ్లయితే "బాప్తిస్మం తీసుకున్నాను" అంటారు. పసిబిడ్డ విషయంలో ఎవరైనా "మా పాప బాప్తిస్మం తీసుకుంది" అనగా విన్నారా? "పాపకి బాప్తిస్మం ఇప్పించాం" అంటాం. విశ్వసించి తీసుకునే బాప్తిస్మం గురించి ఐదొందల ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా ఈ రెండు క్రియల్లో ఉంది. "కొను" చేరితే ఆ పని చేసేవాడు తన కోసం, తన ఇష్టంతో చేసుకున్నట్టు. గ్రీకులోనూ ఇలాంటి రూపం ఉంది. అపొస్తలుల కార్యములు 22:16లో అననీయ అనే శిష్యుడు సౌలుతో (తర్వాత పౌలు అయింది ఈయనే) "బాప్తిస్మము పొంది నీ పాపములను కడిగివేసికొనుము" అంటాడు, అక్కడి రెండు క్రియలూ ఆ రూపంలోనే ఉన్నాయి. మనవాళ్లు రెండోదాన్ని ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి, కడిగివేసికొనుము.

అయితే తీసుకోవడం ఒక్కటే సరిపోదు, ముంచడానికి ఇంకో చెయ్యి కావాలి. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ అనే బోధకుడు తన తల మీద తనే నీళ్లు పోసుకుని బాప్తిస్మం తీసుకున్నాడు, దాని మీద చాలా విమర్శలొచ్చాయి, అది సరైనదేనా అని తర్వాత ఆయనకే అనుమానమొచ్చింది. పాత నిబంధనలో నయమాను అనే సేనాధిపతి కుష్ఠు పోవడానికి యొర్దాను నదిలో ఏడుసార్లు తనే మునిగాడు, అది మునక. ఇక్కడ ముంచబడాలి. నేను తీసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. నడుము లోతు నీళ్లు, రెండు చేతులూ రొమ్ము మీద కట్టుకున్నాను, పాస్టరుగారు ఒక అరచెయ్యి మెడ వెనక పెట్టి, రెండో చేత్తో నా చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. వెనక్కి వాలాలి. వాలుదామన్నా ఒళ్లు వాలదు, మోకాళ్లు బిగుసుకుపోతాయి, ఒకటే టెన్షన్. "వదిలెయ్యమ్మా, నేను పట్టుకున్నాను" అన్నారాయన. వదిలేశాను. చెవుల్లోకి నీళ్లు నిండి ఒక్కసారిగా అన్ని చప్పుళ్లూ ఆగిపోయాయి. ఒప్పుకోవడం నాది, ముంచడం ఆయనది.

*వ్యాఖ్య: బాగుందండీ. కానీ ఫిలిప్పీ చెరసాల నాయకుడు "తానును తన ఇంటివారందరును" బాప్తిస్మం పొందారని ఉంది కదా, ఆ ఇంట్లో పిల్లలు ఉండరా?*

ఉండొచ్చండీ, లేరని నేననను. అయితే కింది వచనంలో ఆ ఇంటివారంతా ఆనందించారని ఉంది, పై వచనంలో అందరికీ వాక్యం బోధించారని ఉంది, అంటే వినడం ముందు, నీళ్లు తర్వాత. పసివాళ్లకిచ్చే సంఘాలు కూడా ఈ లోటు తెలియకుండా లేవు, వాటిలో చాలావాటికి పెద్దయ్యాక నోటితో ఒప్పుకునే నిర్ధారణ అనే ఆచారం ఉంది. వాళ్ల భక్తిని నేను తక్కువ చేయను, మా అమ్మ ఆ సంఘంలోనే ఉంది.

*వ్యాఖ్య: మునగకపోతే బాప్తిస్మం కాదంటారా మరి?*

అలా అననండీ. 1525 జనవరి 21న జ్యూరిక్‌లో, విశ్వసించాకే బాప్తిస్మమన్న తొలి గుంపులోని కాన్రాడ్ గ్రేబెల్ తన తోటివాడు జార్జ్ బ్లౌరాక్‌కి ఇచ్చింది నీళ్లు పోసే. వాళ్లు ముందు పట్టుబట్టింది ఎన్ని నీళ్లని కాదు, ఎవరి ఒప్పుకోలని. "మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవాళ్లు" అని పేరు పెట్టారు వాళ్లకి, ఆ "మళ్లీ"ని వాళ్లు ఏనాడూ ఒప్పుకోలేదు, తెలియకుండా జరిగింది మాకు మొదటిది కాదన్నారు. 1527లో వాళ్లలో ఫీలిక్స్ మాంజ్‌ని అక్కడి లిమ్మాట్ నదిలో ముంచి చంపేశారు. ముంచడం అనే మాట రాసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

*వ్యాఖ్య: మీకు చిన్నప్పుడు ఇప్పించలేదా?*

ఇప్పించారట. మూడో నెలలో. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, దాని గురించి నేను మాట్లాడేటప్పుడు ఆ "ట" తీసేయలేకపోయాను. నడుము లోతు నీళ్ల సంగతి చెప్పినప్పుడు "ట" రాదు.