"ఏదో రాసుకుంటుంటాను": ఈ మాటలో 'కొను' ఏం చేస్తోంది?

పలమనేరు అక్క నిన్న అడిగిన ప్రశ్న ఇది. "మీరు రచయిత్రా అని ఎవరైనా అడిగితే 'అబ్బే, ఏదో రాసుకుంటుంటానండీ' అంటాను. ఇది వినయమా, తప్పించుకోవడమా? 'రాస్తాను' అని చెప్పాలా?" కింద చాలామంది "ధైర్యంగా రాస్తాను అనండి మేడమ్, చిన్నబుచ్చుకోకండి" అన్నారు. వాళ్ళ మనసు మంచిదే, కానీ నేను ఒప్పుకోను. అక్క అన్న మాటలో చిన్నతనం ఏమీ లేదు. అది చాలా కచ్చితమైన మాట. కాకపోతే దానికి ఒక హద్దుంది, ఆ హద్దు దగ్గరే ఆన్‌లైన్‌లో మన రాతలన్నీ తడబడుతున్నాయి. అందుకే కామెంట్‌లో సరిపెట్టకుండా విడిగా రాస్తున్నాను.

ముందు మాట పుట్టుక. 'వ్రాసి' పక్కన 'కొను' చేరితే వ్రాసికొను. నోటి వాడుకలో 'సి' కాస్తా 'సు' అయి రాసుకొను, రాసుకున్నాను. ఒంటరిగా ఉంటే కొనుకి తీసుకోవడం, డబ్బిచ్చి తెచ్చుకోవడం అని అర్థం. ఇంకో క్రియ వెనక చేరితే ఆ పని ఫలం చేసినవాళ్ళకే దక్కుతుందని చెబుతుంది. వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. 'వండాను' అంటే ఎవరు తిన్నా సరే, 'వండుకున్నాను' అంటే తినేది నేను. 'చదివాను' అంటే పేపరో పుస్తకమో, 'చదువుకున్నాను' అంటే చదువు నాదయింది. 'పాడాను' అంటే వినేవాళ్ళున్నారు, 'పాడుకున్నాను' అంటే వాళ్ళు లేకపోయినా ఫర్వాలేదు.

మన జిల్లాల వాళ్ళకు దీనికి సాక్ష్యం పక్కింట్లోనే దొరుకుతుంది. కుప్పం దాటితే కన్నడం వాళ్ళు 'బరెదుకొండె' అంటారు, తమిళం వాళ్ళు 'ఎళుదిక్కొండేన్' అంటారు. వాళ్ళ 'కొళ్', మన 'కొను' ఒకే వేరు నుంచి వచ్చినవి. తమిళంలో 'ఎళుదిక్కొండిరుక్కేన్' అంటే ఉత్త 'రాస్తా ఉండాను' అనే. తన కోసమా, పరుల కోసమా అన్న ఛాయ అక్కడ అరిగిపోయింది. తెలుగులో అరగలేదు. చిత్తూరు వైపు ఎవరైనా 'రాస్తా ఉండాను' అన్నదానికీ 'రాసుకుంటా ఉండాను' అన్నదానికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

అంటే ఉద్యోగం, ఇల్లు, వ్యాపారం అన్నీ చూసుకుంటూ ఇష్టం కొద్దీ రాసే మనిషికి మన భాష క్రియలోనే చోటు కట్టిపెట్టింది. పాడుకునేవాళ్ళు, గీసుకునేవాళ్ళు, రాసుకునేవాళ్ళు. పైకం కోసం కాదు, పేరు కోసం కాదు అని విడిగా చెప్పనక్కర్లేదు, ఆ కొను చెప్పేస్తుంది. అక్క దాన్ని వదులుకోవాలని నేను ఎందుకంటాను?

ఇక అసలు సంగతికి వస్తాను. కొనుకి రెండో అర్థం ఉంది, దాన్ని మనం తక్కువ గమనిస్తాం. బహువచనంలో పడేసరికి అది 'ఒకరికొకరు' అవుతుంది. కొట్టుకున్నారు, మాట్లాడుకున్నారు, ఇచ్చిపుచ్చుకున్నారు. అలాగే 'ఉత్తరాలు రాసుకునేవాళ్ళు'. ఒకడు తన కోసం రాసుకోవడం, ఇద్దరు ఒకరికొకరు రాసుకోవడం, రెండూ ఒకే మాట.

ఆన్‌లైన్ రాతలో నాకు నచ్చినదంతా ఈ రెండో అర్థంలోనే ఉంది. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయన చిన్నప్పటి గంగజాతర వేషాల గురించి నాలుగు పేరాలు పెడతాడు. వేప మండలు చేతిలో పట్టుకుని వీధుల్లో తిరిగిన సంగతి, బండ వేషం రోజు ఏం చేసేవాళ్ళు, తోటి వేషం రోజు ఏం చేసేవాళ్ళు. కింద తాతయ్యగుంట వీధిలో పెరిగిన ఇంకొకామె "మా ఇంట్లో మొక్కుకున్నది మా అన్న కోసం, ఆ ఏడు వాడికి చీర కట్టింది నేనే" అని ఇంకో నాలుగు పేరాలు చేరుస్తుంది. ఇద్దరూ రచయితలు కారు. కానీ ఆ జాతర ఇంత దగ్గరగా పత్రికల్లో నేను చదవలేదు. అచ్చు పుస్తకంలో రాసేవాడు ఒకడు, చదివేవాడు ఇంకొకడు. ఇక్కడ వాళ్ళు రాసుకుంటున్నారు, అదీ రెండు అర్థాల్లోనూ.

(మధ్యలో ఒక చిన్న మాట. నూనె రాసుకోవడం, గంధం రాసుకోవడం వేరు. అది రుద్దడానికి సంబంధించిన రాయు. ఇది వ్రాయు. వకారం పోవడంతో రెండూ ఒకలాగే వినిపిస్తున్నాయి, అంతే. కొట్లో "రాసుకో అన్నా, జీతం రాంగానే ఇస్తా" అనేది మాత్రం మన వ్రాయే.)

హద్దు ఎక్కడంటే, 'పోస్ట్' నొక్కే దగ్గర. నొక్కిన తర్వాత కూడా మొదటి అర్థంలోనే ఉండిపోవాలని చూస్తేనే గొడవ. ఇటీవల ఒక గ్రూపులో జరిగింది చెబుతాను. అన్నమయ్య మీద ఒకరు చక్కగా రాశారు, భాష తీయగా ఉంది. అందులో 'ముప్ఫై రెండు వేల కీర్తనలూ రాగిరేకుల మీద దొరికాయి' అని ఉంది. ఒక తెలుగు టీచరమ్మ మర్యాదగా సరిదిద్దారు. 32,000 అనేది ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పిన లెక్క, మనకు దొరికినవి దాదాపు 14,000, మిగతావి పోయాయి అని. దానికి వచ్చిన జవాబు: "నా కోసం రాసుకున్నాను మేడమ్, పరీక్ష రాయడం లేదు." కింద ఇరవై ముప్ఫై లైకులు. ఆ టీచరమ్మ మళ్ళీ ఆ గ్రూపులో మాట్లాడినట్టు నేను చూడలేదు.

అక్కడ కొను దాక్కునే చోటు అయిపోయింది. డైరీలో 32,000 అని రాసుకుంటే అది మీ ఇష్టం. వందల మంది చదివి, వాళ్ళలో పది మంది పిల్లలకు చెప్పేచోట పెట్టాక అది రాసుకున్నది కాదు, రాసినది. రాసినదాన్ని సరిదిద్దడానికి చదివినవాళ్ళకు హక్కు వచ్చేస్తుంది. పైగా 'వేల పాటలు పోయాయి' అన్నది 'అన్నీ దొరికాయి' అన్నదానికంటే ఎంత పెద్ద సంగతి! ఆ దిద్దుబాటు తీసుకుని ఉంటే ఆ వ్యాసమే ఇంకా బాగుపడేది.

అన్నమయ్య మాట వచ్చింది కాబట్టి మూడో క్రియ కూడా చెప్పాలి: రాసిపెట్టు. 'ఈ అర్జీ కొంచెం రాసిపెట్టన్నా' అంటాం. రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజు లేఖరులు చేసేది అదే. కొనుకి ఇది సరిగ్గా ఎదురు కొస, ఇక్కడ ఫలం పూర్తిగా ఎదుటివాళ్ళది. పాటలు కట్టి పాడుకున్నది అన్నమయ్య. 1503లో ఆయన పోయాక మనకంటూ ఏమైనా మిగిలిందంటే కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి పెట్టడం వల్లే. తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారంలో అవి శతాబ్దాలు పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు రేకు రేకూ చదివి, పరిష్కరించి అచ్చు వేయించారు. పాడుకున్నవాడి పేరు అందరికీ తెలుసు. రాసిపెట్టినవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

నేటి ఆన్‌లైన్‌లోనూ ఇలాంటి రాసిపెట్టేవాళ్ళున్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ మన ఊళ్ళ పేజీలు, చెరువుల పేజీలు, గుళ్ళ పేజీలు తీర్చిదిద్దుతున్నవాళ్ళు కూడా సరదా కొద్దీ రాసేవాళ్ళే, జీతగాళ్ళు కారు. వ్యాసం పైన వాళ్ళ పేరుండదు. నా దృష్టిలో హాబీగా రాసేవాళ్ళలో మొదటి పీట వాళ్ళకే వేయాలి.

పేరు లేకపోవడం ఒకటి, పేరు తీసేయడం ఇంకొకటి. వాట్సాప్‌లో 'సేకరణ' అనే మాటకు పట్టిన గతి చూడండి. సేకరణ అంటే ఏరి కూర్చడం, ఓపికతో చేసే గొప్ప పని. జానపద పాటలు సేకరించినవాళ్ళు ఊరూరా తిరిగి, పాడినామె పేరు, ఊరు రాసుకున్నారు. ఇప్పుడు ఎవరి కథో కాపీ చేసి, రాసినవాళ్ళ పేరు కత్తిరించి, అడుగున 'సేకరణ' అని తన పేరు పెట్టుకుంటే సరిపోతోంది. మా పిన్నమ్మ తన అత్తగారి మీద రాసిన చిన్న జ్ఞాపకం ఒకటి, చివర ఎవరో కొత్తగా అతికించిన నీతితో సహా, తిరిగి తిరిగి మా ఇంటి గ్రూపులోకే వచ్చింది. ఆమె పేరు లేదు. 'ఎవరు రాశారో గానీ అద్భుతం' అని ఉంది. ఆమె బాధపడింది పేరు పోయినందుకు కాదు. "మా అత్త పేరు మార్చేశారురా, కామాక్షమ్మ కాస్తా సీతమ్మ అయింది" అని. అది విన్నాక ఎవరి పోస్టయినా పేరు లేకుండా పంపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు నాలుగోది వచ్చింది. ఇది కూడా మన వ్యాకరణంలో ముందే ఉంది: రాయించుకొను. ప్రేరణార్థకం, దాని మీద ఆత్మార్థకం. చాట్‌జీపీటీకి విషయం చెప్పి కవిత తెప్పించుకుంటే దానికి సరైన తెలుగు 'రాయించుకున్నాను'. తప్పేమీ లేదు. శుభలేఖ రాయించుకుంటాం, వీలునామా రాయించుకుంటాం, ఎవరూ సిగ్గుపడరు. రాయించుకున్నదాన్ని రాసుకున్నాను అనడమే అబద్ధం. యుగాది కవితల పోటీల్లో ఒకే 'కోయిల కూత, మామిడి చిగురు, కొత్త ఆశల తోరణం' పది పేర్లతో వస్తుంటే నాకు కోపం కంటే దిగులు ఎక్కువ వేస్తుంది. వంకరగా ఉన్నా ఆ మనిషి సొంత వాక్యం ఒకటి ఉంటే దాని గురించి రెండు మాటలు మాట్లాడొచ్చు. రాయించుకున్న వాక్యం గురించి ఎవరితో మాట్లాడాలి?

పద్యాలు కట్టేవాళ్ళ దగ్గర ఒక మర్యాద ఉంది, వచనం రాసే మనం దాన్ని తెచ్చుకోవాలి. సమస్యాపూరణల గుంపుల్లో చూడండి. రిటైరైన ఇంజనీరు కందం పెడతాడు. ఒక పెద్దాయన "రెండో పాదంలో మూడో గణం నలమో జగణమో ఉండాలి గదా, భగణం పడింది, చూడండి" అంటారు. అరగంటలో జవాబు: "ధన్యవాదాలు గురువుగారూ, సవరించుకున్నాను." కిందనే కొత్త పాదం. ఎవరి పరువూ పోలేదు, పద్యం నిలబడింది. గణం, యతి, ప్రాస చూసిపెట్టే 'ఛందం' లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక కూడా వాళ్ళు మనుషులకు చూపించి దిద్దించుకోవడం మానలేదు. సవరించుకోవడం, దిద్దుకోవడం, ఇవీ కొనుతో వచ్చినవే. పలక మీద మన మొట్టమొదటి రాత కూడా అదే గదా, 'ఓనమాలు దిద్దుకుంటున్నాడు' అనేవాళ్ళు.

కాబట్టి అక్కా, మీరు 'రాసుకుంటుంటాను' అనే చెప్పండి. పోస్ట్ చేసిన రోజు మాత్రం 'ఇది రాశాను, చదివి చెప్పండి' అనండి.

చేర్పు: కింద వచ్చిన రెండు ప్రశ్నలకు ఇక్కడే జవాబిస్తున్నాను.

"ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్ళు ఎప్పటికీ రాసుకునేవాళ్ళేనా, రచయితలు కాలేరా?" అని మదనపల్లె తమ్ముడు అడిగారు. మన జిల్లాలోనే జవాబుంది నాయనా. మధురాంతకం రాజారాం గారు బడిపంతులు. పల్లెటూళ్ళలో పాఠాలు చెప్పుకుంటూనే కథలు రాశారు, ఆ కథలకే 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. జీతం ఎక్కడి నుంచి వస్తుందన్నదానికీ రచయిత అనిపించుకోవడానికీ సంబంధం లేదు. 'అనిపించుకోవడం' అన్నాను, చూశారా. ఆ మాట అనవలసింది చదివినవాళ్ళు.

రెండోది, "వ్రాసుకున్నాను అని క్రావడితో రాయకపోతే తప్పా?" అని. తప్పు కాదు. పద్యంలో వ్రాయు నిలుపుకోండి, అక్కడ యతికి పని పడుతుంది. మామూలు వచనంలో రాయు చాలు. చిత్తూరు మాటలో కథ రాస్తే 'రాసుకుంటా ఉండాను' అనే పెట్టండి, 'రాసుకుంటూ ఉన్నాను' అని దిద్దేవాళ్ళ మాట వినొద్దు. ఆ దిద్దుబాటు ఒక్కటీ నేను ఒప్పుకోను.

సత్యవేడు, నగరి వైపు తెలుగు, తమిళం రెండూ మాట్లాడే ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క సంగతి చెప్పండి. మీ పెద్దవాళ్ళ తెలుగులో 'రాసుకుంటా ఉండాను' అంటే తన కోసం రాసుకోవడమేనా, లేక తమిళంలో లాగా ఉత్త 'రాస్తా ఉండాను' అనే అర్థం కూడా వస్తుందా? ఉదాహరణ వాక్యం, ఊరి పేరు రెండూ ఇస్తే మేలు.