‘కాష్క్’, ‘క్లూడోగ్’: తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న: ఐర్లండ్ పల్లెల్లో ఈస్టర్ ఆచారాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఐరిష్‌లో పండుగ పేరు ‘కాష్క్’. మన బైబిల్లోని ‘పస్కా’కు ఇది చుట్టమేనా? అయితే ‘ప’ ఎటు పోయింది? పిల్లల ‘క్లూడోగ్’ను ‘వనభోజనం’ అనవచ్చా?

జవాబు: చుట్టమే. క్రైస్తవంతో పాటు లాటిన్ ‘పస్కా’ వచ్చేనాటికి ఐరిష్‌లో ‘ప’ ధ్వని లేదు. తొలివిడత అరువు మాటల్లో దాని చోట ‘క’ పలికారు. మొక్క అనే అర్థమున్న ‘ప్లాంటా’ వాళ్ల నోట ‘క్లాన్’ అయి సంతానానికి, వంశానికి పేరైంది. ‘పుర్పురా’ ‘కొర్క్ర’ అయింది, ఊదా రంగు. తర్వాత వచ్చిన మాటల్లో ‘ప’ నిలిచింది: పాపానికి ‘ప్యక’.

ఒక జాగ్రత్త. ఈస్టర్ ఆదివారం ‘దౌనఖ్ కాస్క’. షష్ఠీ రూపంలో ‘ష’ పోయి ‘స’ వస్తుంది, కాబట్టి అక్కడ ‘కాష్క’ అని రాస్తే తప్పు.

మరొకరు: ‘వనభోజనం’ వద్దండీ. ఆ మాట వినగానే కార్తికమాసం, ఉసిరిచెట్టు కళ్లముందుకొస్తాయి. పైగా ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ వైపు ‘క్లూడోగ్’ అంటే ముందు గుడ్ల పోగు, ఆ తర్వాతే విందు. పూర్వం లెంట్ (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) నలభై రోజులూ గుడ్లు నిషిద్ధం. కోళ్లు మాత్రం పెడుతూనే ఉంటాయి కదా! పిల్లలు ఆ గుడ్లు కూడబెట్టి, దాచి, పండక్కి ఆరుబయట మంట వేసి వండుకునేవారు. ‘క్లూడోగ్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఈస్టర్ గుడ్ల పోగు, దాంతో చేసుకునే విందు’ అని వివరించండి.

గుడ్ ఫ్రైడేను వాళ్లు ‘ఈన్య అన్ ఖేస్త’ అంటారు, అంటే సిలువ శ్రమల శుక్రవారం. ఆ రోజు పెట్టిన గుడ్డు మీద సిలువ గుర్తు వేసి, ఆదివారం తినడానికి దాచేవారు.

ఇంకొకరు: వ్యాసంలో పసుపు గుడ్లు కూడా ఉంటే, ఆ రంగు గోర్స్ పూలది. అది నిలువెల్లా ముళ్లుండే పొద. వట్టి ‘ముళ్లపొద’ అంటే ఏ పొదో తెలియదు, పేరు ఉంచండి. రెండు మూడు గుప్పెళ్ల పూలు చన్నీళ్లలో వేసి, గుడ్లు కూడా అప్పుడే దింపి, సన్నసెగ మీద పావుగంట ఉడికించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు మరిగే నీళ్లలో వేస్తే పెంకు చిట్లుతుంది. తెల్లపెంకు గుడ్డే కావాలి, గోధుమరంగు పెంకు మీద ఆ లేత పసుపు ఆనదు. చెంచాడు వెనిగర్ వేస్తే రంగు బాగా పడుతుంది. పూలతో కాయలు కలవనివ్వకూడదు, గింజలు విషం. ఉల్లిపొట్టు వేస్తే ఇటుకరంగు వస్తుంది. అందుకని ‘రంగు పూసిన గుడ్లు’ అనకండి, ‘రంగునీళ్లలో ఉడికించిన గుడ్లు’ అనండి.