అరికాలి ఒత్తిడిని చెవితో వినడం: పరుగెత్తేవారి మడమ నొప్పి అధ్యయనానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: పీజీ విద్యార్థిని, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను ఫిజియోథెరపీలో పీజీ చేస్తున్నాను. పరుగు అలవాటున్నవారి మడమ నొప్పి మీద సిద్ధాంత వ్యాసం రాయాలి. బూటు లోపల పరిచే సెన్సార్ ఇన్‌సోళ్లు ఒక జత అందుబాటులో ఉన్నాయి. అవి అరికాలి ఒత్తిడిని సెకనుకు 100 సార్లు నమోదు చేస్తాయి కనుక, పది నిమిషాల పరుగు పూర్తయ్యేసరికి ఒక్కొక్క సెన్సారు నుంచి 60,000 అంకెలు పోగుపడుతున్నాయి. ఎరుపు, పసుపు, నీలం రంగుల పటాలుగా తెర మీద చూస్తే ఏ అడుగుకు ఆ అడుగు బాగానే అర్థమవుతోంది గానీ, అలసట వల్ల వందల అడుగుల మీద నెమ్మదిగా వచ్చే మార్పు మాత్రం కంటికి దొరకడం లేదు. అందుకే ఈ అంకెలను శబ్దంగా మార్చి వింటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఏ కొలతను శబ్దంలోని ఏ గుణానికి ముడిపెట్టాలి? పరుగెత్తే మనిషికి అప్పటికప్పుడే వినిపించాలా, లేక రికార్డు చేసి తరువాత మనం వినాలా? వారు చెప్పే నొప్పి స్థాయిని కూడా ఇదే శబ్దంలో కలపవచ్చా?

జవాబు: మృదంగప్రియ

నేను సిగ్నల్ ప్రాసెసింగ్ ఉద్యోగిని, సాయంత్రాలు మృదంగం నేర్చుకుంటాను, కాబట్టి ఈ ప్రశ్న నాకు రెండు విధాలా ఇష్టమైనది. కొలతలను శబ్దంగా మార్చడాన్ని సోనిఫికేషన్ అంటారు. రేడియేషన్‌ను టిక్కుటిక్కుమని వినిపించే గైగర్ కౌంటరు చేసే పని కూడా ఇదే.

చెవికి దేనిలో బలం ఉందో ముందు చూసుకోవాలి. రెండు శబ్దాల నడుమ రెండు మూడు మిల్లీసెకన్ల ఖాళీ వచ్చినా చెవి పసిగడుతుంది, శ్రుతిలో ఒక శాతం కన్నా తక్కువ తేడాను కూడా పట్టుకుంటుంది, కానీ శబ్దం కొంచెం పెరిగిందా తగ్గిందా అంటే అంత కచ్చితంగా చెప్పలేదు. అందుచేత ఒత్తిడి పెరిగితే శబ్దం పెద్దదవ్వాలని అందరికీ మొదట తోచే పద్ధతిని నేను సిఫారసు చేయను. మడమకు మంద్ర షడ్జం (కింది స), పాదం నడిమి భాగానికి పంచమం (ప), ముందు పాదానికి తార షడ్జం (పై స) ఇచ్చి, ఒత్తిడి ఒక హద్దు దాటినప్పుడే ఆ స్వరం మోగేలా, హద్దు దాటిన కొద్దీ స్వల్పంగా పైకి జారేలా చేయండి. ఎడమ పాదాన్ని ఎడమ చెవికి, కుడి పాదాన్ని కుడి చెవికి పంపండి. అప్పుడు అడుగు ఒక చిన్న జతిలా వినిపిస్తుంది, కుంటు ఉంటే తాళం తప్పినట్టు తెలిసిపోతుంది.

అప్పటికప్పుడు వినిపించడంలో ఒక చిక్కు ఉంది. పరుగులో పాదం నేల మీద నిలిచేదే సుమారు 0.2 నుంచి 0.3 సెకన్లు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తరచుగా 0.1 నుంచి 0.2 సెకన్ల ఆలస్యం చేస్తాయి, అంటే మడమ శబ్దం చెవికి చేరేసరికి ఆ మడమ నేల మీద నుంచి లేచిపోయి ఉండవచ్చు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే వాడండి. ఇంకొక సంగతి, మడమ నేలను తాకిన తొలి అదురు దాదాపు 50 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. సెకనుకు 100 కొలతలంటే అక్కడ మీ చేతికి వచ్చేవి అయిదు అంకెలే కనుక, ఆ అదురును కొలిచామని మాత్రం వ్యాసంలో రాయకండి. అది కావాలంటే మోకాలి కింద ముందువైపు ఎముక మీద, అదురును కొలిచే యాక్సిలరోమీటరు ఒకటి కట్టాలి.

నొప్పి స్థాయిని కలపవచ్చనే నా అభిప్రాయం. పదికి ఎన్ని మార్కులు చెబితే స్వరంలో అంత గరుకుదనం పెట్టవచ్చు.

జవాబు: మడమల డాక్టరు

పై జవాబులో చివరి మాటతో తప్ప మిగతా అన్నిటితో ఏకీభవిస్తాను. నొప్పిని గరుకు స్వరంగా కలిపితే, వినేవారికి పెద్ద ఒత్తిడి ఉన్న ప్రతి అడుగూ నొప్పి అడుగులాగే తోస్తుంది. వాస్తవంలో చాలాసార్లు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. మడమ నొప్పి ఉన్న మనిషి తనకు తెలియకుండానే ఆ మడమను కాచుకుంటాడు, బరువును పాదం అంచుకో వేళ్ల వైపుకో జరుపుతాడు. అంటే నొప్పి ఉన్న చోట ఒత్తిడి తగ్గి, శబ్దం మాయమవుతుంది. కాబట్టి మీరు ఎక్కువగా చెవి పెట్టవలసింది మోగిన స్వరాలకు కాదు, మోగవలసిన చోట మోగని వాటికి.

పైగా ప్లాంటార్ ఫేషియైటిస్‌లో, అంటే మడమ నుంచి వేళ్ల వరకు అరికాలి కింద ఉండే గట్టి పొర దెబ్బతిని వచ్చే మడమ నొప్పిలో, బాధ పరుగు సమయంలో కాక, మరునాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులో ఎక్కువగా తెలుస్తుంది. అందుకని నొప్పి స్థాయిని పరుగుకు ముందు, పరుగు ముగిశాక, మరునాటి ఉదయం విడివిడిగా కాగితం మీద రాయించండి. వీలుంటే అల్ట్రాసౌండ్‌తో ఆ పొర మందం కూడా చూపించండి. మడమ దగ్గర 4 మిల్లీమీటర్లు మించితే సాధారణంగా అసహజంగా పరిగణిస్తారు. అది కూడా శబ్ద తరంగాలతో చేసే పరీక్షే కాబట్టి మీ శీర్షికకు బాగా నప్పుతుంది.

అప్పటికప్పుడు వినిపించడం గురించి ఒక పాత అనుభవం తెలుసుకోవాలి. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పుండ్లకు స్పర్శ, నొప్పి తెలియకపోవడమే ప్రధాన కారణమని చూపిన వైద్యుడు. తరువాత అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో ఆయన బృందం చేతి తొడుగుల్లో, పాదరక్షల్లో ఒత్తిడి సెన్సార్లు అమర్చి, ఒత్తిడి మించితే చెవిలోని యంత్రం మోగేలా చేసింది. రోగులు ఆ మోతను విన్నారు, విని కూడా చేస్తున్న పని ఆపలేదు. ఎందుకంటే శబ్దం సమాచారం మాత్రమే, నొప్పిలా బలవంతం చేయలేదు. నడుస్తున్నంతసేపూ చెవిలో మోగే యంత్రాన్ని ఎవరైనా మూడో రోజుకు తీసి పక్కన పెడతారని నా అనుభవం కూడా చెబుతోంది.

జవాబు: తెల్లవారుజాము పరుగు

నేను శాస్త్రం తెలిసినవాణ్ణి కాను, పదకొండేళ్లుగా పరుగెత్తుతున్నాను. హైదరాబాదు కేబీఆర్ పార్కు మట్టి బాటలో, ఇంకా మనుషుల సందడి మొదలవని వేళ, నా కుడి బూటు కింద కరకర ఎడమ దానికన్నా పొట్టిగా వినిపించడం గమనించాను. ఎడమది ‘కర్ర్’ అని సాగేది, కుడిది ‘కట్’ అని తెగిపోయేది. అప్పటికి నొప్పి ఏమీ లేదు. బూటు తిరగేసి చూస్తే కుడి మడమ వెలుపలి అంచు అరిగి నున్నగా ఉంది. నెల తరువాత మడమ నొప్పి మొదలైంది. ఒకదానికొకటి కారణమని నేను చెప్పలేను, కానీ డాక్టరు గారు చెప్పిన మోగని స్వరం అదే అయి ఉంటుందని అనిపిస్తోంది.

జవాబు: మృదంగప్రియ

డాక్టరు గారూ, నొప్పి విషయంలో నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. దీనికి తోడు, శబ్దమే నడకను మారుస్తుంది కూడా. 2015లో అనా తహదూరా-హిమెనెజ్ అనే పరిశోధకురాలి బృందం మనుషులకు వారి అడుగుల చప్పుడునే, అందులోని పై శ్రుతి ధ్వనులను హెచ్చించి వినిపిస్తే, వారు తమ ఒళ్లు తేలికైనట్టు భావించారు, నడక తీరు కూడా మారింది. కనుక కొలిచేటప్పుడు చెవిలో ఏ శబ్దమూ ఉండకూడదు. ముందు కొలవండి, తరువాత వినండి. వినేవారికి ఆ పరుగు ఎవరిదో, ఏ కాలికి నొప్పో తెలియకూడదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న చిన్న పరీక్ష చేశాను. నా గది సహచరి ఒక బూటులో, ఇన్‌సోల్ కింద మడమ దగ్గర, మడిచిన బట్ట ముక్క పెట్టి, ఏ బూటో నాకు చెప్పకుండా ట్రెడ్‌మిల్ మీద అయిదు నిమిషాలు పరుగెత్తింది. రికార్డు విన్నప్పుడు మొదట రెండు వైపులా సమానంగానే తోచింది. మూడో నిమిషం దాటాక ఎడమ చెవిలో మంద్ర షడ్జం పొట్టిదై, అక్కడక్కడ పూర్తిగా మాయమైంది. ఎడమ బూటు అన్నాను, సరిపోయింది. అదే రికార్డును రంగుల పటంగా చూసినప్పుడు నేను కుడి అనుకున్నాను. ఒక్కసారి సరిపోవడం ఊహ కూడా కావచ్చు కాబట్టి, ఈ వారం ఇదే పరీక్షను బట్ట ముక్క లేని పరుగులు కూడా కలిపి ఇరవై సార్లు చేసి, ఆ తరువాతే మడమ నొప్పి ఉన్నవారిని పిలుస్తాను. డాక్టరు గారూ, మరునాటి ఉదయం నొప్పి స్థాయిని ఫోనులో అడిగి రాసుకుంటే సరిపోతుందా, లేక వారు మంచం దిగగానే స్వయంగా రాసుకోవాలా?

జవాబు: మడమల డాక్టరు

స్వయంగా రాసుకోవాలి. కాగితం, పెన్సిలు మంచం పక్కనే పెట్టుకోమనండి. పళ్లు తోముకొని వచ్చేలోపు ఆ నొప్పి సగం తగ్గిపోతుంది, ఆ తరువాత మీరు ఫోను చేసినా వారు తగ్గిన నొప్పినే చెబుతారు.